బాగు చేసినంతనే మనదవుతుందా?

పాత ఇంటికి రేకులు మార్చి, గచ్చు చేయించి, తన పేర రాయించుకోకుండానే ఒప్పందపు కాగితం మీద లాభానికి అమ్మేవారున్నారు. పట్నంలో యజమానికి అంతా తెలిసి జరిగితే తప్పు పట్టలేం. మరి జి.మాడుగులలో? 1970లో సవరించిన 1959 నాటి భూబదలాయింపు నిబంధన ప్రకారం ఏజెన్సీలో స్థిరాస్తిని గిరిజనులకో, కేవలం గిరిజనులతో ఏర్పడిన సహకార సంఘానికో తప్ప ఇతరులకు బదలాయిస్తే చెల్లదు. అమ్మేది గిరిజనేతరుడైనా అంతే. సుప్రీంకోర్టు 1988లో ఆ సవరణను సమర్థించింది. అందుకే కొందరు గిరిజనుని పేరు అడ్డుపెట్టుకుంటారు. "ఖర్చు నాది గదా" అంటారు. ఖర్చు అడగవచ్చు, మేస్త్రీ కూలి అడిగినట్టు. కూలి వేరు, హక్కు వేరు. అహాబు రాజు మంచి వెలే ఇస్తానన్నాడు. ద్రాక్షతోట పిత్రార్జితమని నాబోతు ఒప్పుకోలేదు. వెల చాలక కాదు సుమా! మీ ఇంట ఎవరైనా అలాంటి కాగితంపై సంతకం చేయబోతే, సొమ్ము ఎవరికి చేరుతోందో ముందు ఆ గిరిజన కుటుంబాన్నే అడగండి.