పమాదమే ప్రమాదం



2025 నవంబర్ 3 పొద్దున మన చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర ఏం జరిగిందో మీకు తెలుసు. తాండూరు నుంచి పట్నం వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొట్టింది. 19 మంది చనిపోయారు. చదువుల కోసం బయల్దేరిన ముగ్గురు అక్కాచెల్లెళ్లు కూడా అందులోనే పోయారు. ఆ పిల్లలు చేసిన తప్పేమీ లేదు.

దీన్ని తలరాత అనేవాళ్లు ఉంటారు. మనం అట్లా అనొద్దు. కారణం లేకుండా దుఃఖం పుట్టదని, కారణాన్ని తీసేస్తే దుఃఖం ఆగుతుందని తథాగతుడు చెప్పాడు.

పాళీలో పమాదం అంటే అజాగ్రత్త, ఎరుక తప్పడం. సంస్కృతంలో అదే ప్రమాదం. మనం తెలుగులో ఆ మాటను జరిగిన ఘోరానికి పేరుగా పెట్టుకున్నాం, దాని వెనక ఉన్న అజాగ్రత్తను మరిచిపోయాం! దీనికి విరుగుడు అప్పమాదం. ధమ్మపదంలో రెండో వగ్గం దాని గురించే. భగవానుడు చివరగా చెప్పిందీ దాన్నే. మనం వందనలో చెప్పుకునే అయిదో శీలంలోనూ ఆ మాటే ఉంది: మత్తు పమాదానికి తావు, అందుకే వద్దు.

మరి పిల్లల్ని కాపాడేది చట్టమా, చదువా?

చట్టం ఉంది. 2019 సవరణ ప్రకారం మైనరు బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకో, బండి ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. అయినా మొయినాబాద్ రోడ్డు మీద మీసాలు రాని పిల్లలు ముగ్గురేసి పోతనే ఉంటారు. తాళంచెవి ఇచ్చింది ఎవరు? మనమే. పోలీసును చూసి నెత్తికెక్కిన హెల్మెట్, మలుపు తిరగంగనే ట్యాంకు మీదికి దిగుతుంది.

రాజ్యాంగం రాసిన బాబాసాహెబే, 1943లో పూనాలో రానడే జయంతి సభలో, సమాజానికి నైతిక మనస్సాక్షి లేకపోతే ఉత్త చట్టం హక్కులను కాపాడలేదని హెచ్చరించారు.

ఆ మనస్సాక్షిని ఎట్లా నేర్పాలి? భగవానుడు బాలుడైన రాహులుడికి అద్దాన్ని ఉదాహరణగా చూపాడు. పని చేసేముందు, చేస్తున్నప్పుడు, చేశాక కూడా చూసుకో, దీనివల్ల నాకు గానీ ఇతరులకు గానీ హాని ఉందా అని. మన బిడ్డలకూ ఇదే పాఠం. కీ తిప్పేముందు: తాగానా, నిద్ర చాలిందా? నడిపేటప్పుడు: మనసు రోడ్డు మీద ఉందా, ఫోను మీద ఉందా? దిగాక: ఇవాళ ఎవరినైనా భయపెట్టానా?

అయితే ఒక్క మాట. బస్సులో కూర్చున్న ఆ అక్కాచెల్లెళ్లను వాళ్ల జాగ్రత్త కాపాడలేదు. అప్పమాదం పిల్లలకే కాదు, డ్రైవరుకూ, టిప్పర్ ఓనరుకూ, రోడ్డు వేసే ఆఫీసరుకూ కావాలి. అది లేనిచోట చట్టమే కాపలా. విశాలమైన రోడ్డు, లోడు మీద తనిఖీ, డ్రైవరుకు విశ్రాంతి మన హక్కులు. బోధించడంతో ఆగొద్దు. సంఘటితమై అడగాలి, పోరాడాలి. శీలం ఇంట్లో మొదలవుతుంది, చట్టం దానికి బయట కంచె.

ఈ ఆదివారం వందనలో అయిదో శీలం చెప్పాక ఒక్క నిమిషం ఆగండి. పద్దెనిమిది నిండని బిడ్డ చేతికి బండి తాళం ఇవ్వనని అందరి ముందు మాట ఇవ్వండి. ఇంటికి పోయి ఆ తాళాన్ని మీ దగ్గరే పెట్టుకోండి.

సబ్బే సత్తా సుఖీ హోంతు. జై భీమ్!