ఇంకా రాని ముక్క మీద పందెం

పేకాటలో అబద్ధానికి దక్కే మర్యాద ఇంకెక్కడా దక్కదు. చేతిలో ఏమీ లేకుండా పందెం వేసి ఎదుటివాడి చేత ముక్కలు పడేయించినవాణ్ని చూసి పక్కవాళ్లు కూడా ముచ్చటపడతారు. నా ఆసక్తి మాత్రం ఆ పచ్చి బ్లఫ్ మీద కాదు, దాన్ని ఆనుకుని ఉండే మరో పందెం మీద. ఇప్పటికిప్పుడు ముక్కలు తిప్పితే ఓడిపోతాం. తర్వాత వచ్చే ముక్క అనుకూలిస్తే గెలుస్తాం. ఈలోగానే గెలిచినవాడి ధీమాతో పందెం వేస్తాం. డేవిడ్ స్క్లాన్‌స్కీ ‘ది థియరీ ఆఫ్ పోకర్’లో దీన్ని సెమీ బ్లఫ్ పేరుతో విడమరిచి చెప్పాడు. డిగ్రీ ఫలితాలు రాకముందే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే కుర్రవాడి పరిస్థితి ఇలాంటిదే. అతను చెబుతున్నది అబద్ధం కాదు, అలాగని ఇంకా నిజమూ కాలేదు.

లిమిట్ హోల్డెమ్ అనే పోకర్ ఆటలో ఈ పందేనికి ప్రత్యేకమైన రుచి ఉంది. తలా రెండు ముక్కలు మూసి పంచుతారు. అందరికీ ఉమ్మడిగా బల్ల మీద అయిదు తెరుస్తారు. మూడు కలిసి వచ్చేది ఫ్లాప్, నాలుగోది టర్న్, అయిదోది రివర్. నో లిమిట్‌లోనైతే ముందున్న చిప్స్ అన్నీ ఒక్క తోపుతో పెట్టేయవచ్చు. లిమిట్‌లో ఆ వీలు లేదు. 4-8 డాలర్ల బల్ల మీద మొదటి రెండు విడతల్లో పందెం 4, చివరి రెండింట్లో 8. పెంచినా అంతే మేర పెంచాలి. బల్ల మీద 48 డాలర్లు పోగుపడ్డాక 8 డాలర్లకు జడిసి పారిపోయేదెవరు? అందుకే లిమిట్‌లో బ్లఫ్‌కు చోటు లేదని చాలామంది తేల్చేస్తారు. లెక్క వేస్తే సంగతి వేరేలా కనబడుతుంది.

నా చేతిలో రెండు ఆఠీన్లు, బల్ల మీద మరో రెండు. టర్న్ కూడా తెరిచారు, నాకు కలిసిరాలేదు. నేను చూడని ముక్కలు 46, వాటిలో ఆఠీన్లు 9. రివర్ మీద నాకు ఫ్లష్, అంటే ఒకే గుర్తు ముక్కలు అయిదు, పడే అవకాశం 20 శాతానికి కాస్త తక్కువ. బల్ల మీద 48, ఎదురుగా ఒక్కడే. రివర్ మీద జరగబోయే పందేలను లెక్కలోంచి తీసేద్దాం. ఏమీ లేకుండా 8 వేస్తే అతను ఏడింట ఒకసారి ముక్కలు పడేస్తే చాలు, నాకు నష్టం లేదు. ఫ్లష్ ఆశతో వేస్తే, చెక్ చేసి, అంటే పందెం వేయకుండా, ఉచితంగా రివర్ చూడటం కంటే మేలు కావడానికి సుమారు తొమ్మిదింట ఒకసారి చాలు. ఒకవేళ నేను చెక్ చేసినా అతనే పందెం వేస్తాడనుకుంటే, ఆ 8 నాకు ఎటూ తప్పదు. అలాంటప్పుడు ముందు నేనే వేయడం వల్ల అతను ఎప్పుడైనా పడేస్తే అదంతా మిగులే.

ఏడింట ఒకటికీ తొమ్మిదింట ఒకటికీ పెద్ద తేడా లేదు. నన్ను ఆలోచింపజేసిన విషయం ఇదే. రాబోయే ఆఠీను ఎదుటివాణ్ని ఏమాత్రం భయపెట్టదు. అది అతనికి కనబడదు కూడా. అతను పడేస్తాడా లేదా అన్నది అతని ముక్కలను, అతని స్వభావాన్ని, బల్ల మీది సొమ్మును బట్టి ఉంటుంది. మరి ఆ ఆశ చేసే పనేమిటి? అతను పడేయనప్పుడు నన్ను ఆదుకుంటుంది. కాల్ చేశాడంటే, అంటే నా పందేనికి సమంగా కట్టాడంటే, పచ్చి బ్లఫ్‌లో 8 డాలర్లు పోయినట్టే. సెమీ బ్లఫ్‌లో అదే కాల్ తర్వాత కూడా సగటున నాలుగున్నర డాలర్ల దాకా నాకే లాభం. ఎదుటివాడు లొంగుతాడన్న నమ్మకాన్నే మనం ధైర్యమనుకుంటాం. లొంగకపోతే ఏమిటన్నదానికి ముందే జవాబు ఉండటమే ధైర్యమని ఈ లెక్క అంటుంది.

ఆ జవాబును కాపాడేది లిమిటే. నో లిమిట్‌లో నేను సెమీ బ్లఫ్ చేస్తే ఎదుటివాడు కొండంత పందెం ఎదురుపెట్టి, ఆఠీను రాకముందే నన్ను బల్ల మీంచి లేపేయగలడు. లిమిట్‌లో అతను చేయగలిగిందల్లా మరో 8 పెంచడం. అప్పటికి బల్ల మీద 72 ఉంటే నేను కట్టాల్సింది 8. ఎవరైనా కడతారు. నా పందేన్ని పరిమితం చేసిన నియమమే నన్ను తరిమేయకుండా అడ్డుపడుతుంది.

అలాగని ఆశ ఉన్న ప్రతిసారీ దూకకూడదు. మధ్యరకం జత చేతిలో ఉన్నవాడికి చాలాసార్లు మౌనమే మేలు. చివరిదాకా చవగ్గా చేరితే ఆ జతే గెలవవచ్చు. పందెం వేస్తే తనకంటే బలహీనులు లేచిపోతారు, బలవంతులు మిగులుతారు. ఆఠీన్ ఆసుతో ఫ్లష్ కోసం చూస్తున్నవాడికీ కొంత ఇదే ఇబ్బంది. అతను లేపేసేవాళ్లలో ఆ ఆసుకే ఓడిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. ఆరు, ఏడు లాంటి చిన్న ఆఠీన్లు పట్టుకున్నవాడి స్థితి వేరు. ఇప్పుడు విప్పితే వాటికి విలువ లేదు, రేపటికి మాత్రం ఉంది. దూకుడు ఎక్కువగా నప్పేది అతనికే.

ఎదుట ఎవరున్నారన్నది అంతకన్నా ముఖ్యం. ఒక్కొక్కరు మూడింట ఒకసారి పడేసేవాళ్లయితే, ఇద్దరూ కలిసి పడేసేది తొమ్మిదింట ఒకసారే. ముగ్గురైతే ఇరవై ఏడింట ఒకసారి. పండగలకు మా ఇంట్లో చింతగింజలు పెట్టి ఆడతాం. అక్కడ సెమీ బ్లఫ్ బతికి బట్టకట్టదు. “నీ చేతిలో ఏముందో చూడకపోతే నాకు రాత్రి నిద్ర పట్టదురా” అంటూ మా బాబాయి ప్రతిసారీ గింజలు ముందుకు తోస్తాడు. పోయేది ఏమీ లేనివాడితో బేరం కుదరదు. ఆయన ముందు ఫ్లష్ పడేదాకా ఊరుకోవడమే తెలివి.

2015లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో మైకేల్ బౌలింగ్ బృందం ఇద్దరాడే లిమిట్ హోల్డెమ్‌ను దాదాపు పూర్తిగా పరిష్కరించామని ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. వాళ్ల ప్రోగ్రాం పేరు సీఫియస్. అది తనతో తానే ఆడుకుంటూ, ప్రతి నిర్ణయం దగ్గరా ‘మరోలా ఆడి ఉంటే ఎంత మిగిలేది’ అని లెక్క కట్టుకుంటూ, ఆ పశ్చాత్తాపాన్ని తగ్గించుకుంటూ నేర్చుకుంది. దానికి ఎవరినీ మోసగించాలన్న కోరిక లేదు. అయినా అది బ్లఫ్ చేస్తుంది. బలమున్నప్పుడే పందెం వేసేవాడి బలానికి ఎవరూ డబ్బు కట్టరు కనుక, బలం లేనప్పుడు కూడా కొంత వేయక తప్పదు. ఆ కొంత ఏ ముక్కలతో వేయాలన్న ప్రశ్నకు, చివరి ముక్క రాకముందు, సహజంగా దొరికే జవాబు ఇంకా పండని ముక్కలే.

రివర్ తెరిచాక ఈ సౌకర్యం ముగుస్తుంది. అయిదింట నాలుగుసార్లు ఆఠీను రాదు. ఇంకా రావలసిన ముక్క లేదు కాబట్టి ఇక సెమీ బ్లఫ్ అన్నదే లేదు. ఉన్నవి రెండే దారులు, పచ్చి బ్లఫ్ లేదా మౌనం. బల్ల మీద 64 ఉంటే 8 వేయడానికి మళ్లీ తొమ్మిదింట ఒకసారి చాలు గనక, ఒక్కోసారి బ్లఫే సరైన దారి కావచ్చు. కానీ టర్న్ మీద మనల్ని నిలబెట్టిన ఆసరా ఇప్పుడు లేదు. పాత ఊపులో, అదే గొంతుతో పందెం వేసేవాడికి తన కింది నేల మారిందన్న ఎరుక ఉండదు. పేకాటలో ఎదుటివాడికి నిజం చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. తాను వేస్తున్న పందెం ఏ రకానిదో తనకు తాను ఒప్పుకోవాల్సిన బాధ్యత మాత్రం ప్రతి విడతలోనూ ఉంది.