కళాశాల ఫీజు, బేత్లెహేము బావినీళ్లు



సైన్యములో చేరి, ఆ డబ్బుతో తరువాత చదువుకొందునని చెప్పు పిల్లవాడు మన గ్రామ సంఘములకు క్రొత్తవాడు కాడు. ఇది విశ్వాసికి తగునా యను ప్రశ్నను మనము ఆలోచింపవలసియున్నది.

ఈ ఏర్పాటు అమెరికా దేశమున విస్తారముగా జరిగినది. 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్వెల్టుగారు సంతకము చేసిన జి.ఐ. బిల్లు అను చట్టము, రెండవ ప్రపంచ యుద్ధములో పనిచేసినవారికి ఏడాదికి 500 డాలర్ల వరకు చదువు ఖర్చు నిచ్చెను. సుమారు 22 లక్షలమంది దానివలన కళాశాలలకు వెళ్లిరి. (నల్లజాతి సైనికులలో అనేకులకు దక్షిణ రాష్ట్రముల కళాశాలలు తలుపు తెరువలేదు, ఆ అన్యాయమును మరువరాదు.) అయితే వారు ఫీజు కొరకు యుద్ధమునకు పోలేదు. పోయి వచ్చినవారికి దేశము కృతజ్ఞత చూపెను. 1973లో అక్కడ నిర్బంధ సైనికసేవ ఆగిన తరువాత వరుస తారుమారైనది. యువకులను సైన్యములోనికి పిలుచుటకే చదువును ముందుగా చూపసాగిరి. కృతజ్ఞత బేరమైనది.

మన దేశమున 2022 జూన్ 14న ప్రకటింపబడిన అగ్నిపథ్ పథకము చదువు కొరకు పెట్టినది కాదు. నాలుగేండ్ల సేవ తరువాత నూటికి 25 మందికి మించకుండ నిలుపుకొని, తక్కినవారిని సుమారు 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధితో పంపుదురని అప్పుడు చెప్పబడెను. ఆ నిధికి అతని జీతమునుండి కోసిన దెంతయో, ప్రభుత్వము వేయునదియు అంతే. పేద యింటిలో ఆ మొత్తమును మొదట అప్పు, తరువాత చెల్లెలి పెండ్లి తినును, మిగిలినయెడల చదువు.

దావీదు దప్పిగొని బేత్లెహేము ద్వారము నొద్దనున్న బావినీళ్లను తలచుకొన్న సంగతి మీరెరుగుదురు. అతడు ఎవరిని పొమ్మనలేదు. ఆశను పైకి చెప్పెను, అంతే. ముగ్గురు శూరులు విని, ఫిలిష్తీయుల దండును చీల్చుకొని పోయి నీళ్లు తెచ్చిరి. దావీదు త్రాగలేదు, అవి ప్రాణమునకు తెగించి పోయినవారి రక్తమని యెంచి యెహోవా సన్నిధిని పారబోసెను. నీళ్లలో దోషము లేదు. కళాశాలలోను దోషము లేదు. మన యిండ్లలోను, "మావాడు డిగ్రీ చదివితే బాగుండును" అని తండ్రి అరుగుమీద కూర్చుండి అనును. ఎవరిని పంపుటకు అన్నమాట కాదది. పిల్లవాడు విని, పోయి పేరు వ్రాయించుకొనును.

యోహాను తనయొద్దకు వచ్చిన సైనికులను కొలువు విడువుమనలేదు. ఎవరిని బాధింపక జీతముతో తృప్తిపొందుమనెను. కావున సైనికవృత్తిని మనము నిందింపము. అయితే పిల్లవాడు సంతకము చేయకముందు సంఘపెద్దలు అతని నొకమాట అడుగవలెను: "ఫీజు మరియొక విధముగా దొరికినయెడల నీవు పోదువా, నాయనా?" పోదునన్నయెడల ప్రార్థించి పంపుదము. తల వంచుకొన్నయెడల, ప్రహరీగోడకని దాచిన కోతపండుగ కానుకల లెక్కపుస్తకమును ఆ రాత్రియే తెరువవలెను.