విలువ : బలమా, వెలయా?

నేడు మన ఇండ్లలో “వాల్యూ” అను ఇంగ్లీషు మాట వినబడని దినము లేదు. “పొలమునకు వాల్యూ పెరిగినది” అందుము. “ఆయన మాటకు వాల్యూ లేదు” అందుము. “పిల్లలకు వాల్యూస్ నేర్పవలెను” అని కూడ అందుము. మొదటిది సంతకు చెందిన మాట, రెండవది సంఘమునకు, మూడవది ధర్మమునకు చెందినవి. ఒకే పదము ఈ మూడు బరువులను ఎట్లు మోయుచున్నది? దీని పుట్టుపూర్వోత్తరములు తెలిసికొన్నచో, మనము తోడి మనుష్యులను ఏ త్రాసులో తూచుచున్నామో కూడ తెలియగలదు.

ఈ పదము సుమారు 1300వ సంవత్సర ప్రాంతమున ప్రాచీన ఫ్రెంచి భాషనుండి ఇంగ్లీషులో ప్రవేశించినది. ఫ్రెంచి పదమునకు మూలము లాటిన్ భాషలోని ‘వలేరే’ అను క్రియ. దానికి మొదటి అర్థము వెల చేయుట కాదు. బలము కలిగియుండుట, ఆరోగ్యముగా నుండుట. వెల అను అర్థము తరువాత చేరినది. శౌర్యమును తెలుపు ‘వేలర్’, చెల్లుబాటును తెలుపు ‘వ్యాలిడ్’, సమానమైనదని చెప్పు ‘ఈక్వివలెంట్’, రసాయన శాస్త్రములో మూలకముల సంయోగశక్తిని తెలుపు ‘వేలెన్సీ’, ఇవన్నియు ఆ క్రియకు సంతానమే. అన్నిటియందును బలమను భావమే అంతర్లీనముగ నున్నది.

ఈ కుటుంబములోనే మనలను ఆలోచింపజేయు పదమొకటి కలదు. అది ‘ఇన్‌వ్యాలిడ్’. చెల్లని కాగితమును, మంచము పట్టిన రోగిని ఇంగ్లీషువారు ఒకే అక్షరములతో వ్రాయుదురు. ఉచ్చారణ మాత్రమే వేరు. బలము లేనిది చెల్లదు అను పాతభావము రెంటియందును కనబడుచున్నది.

ఇది ఇంగ్లీషువారి దోషమని మనము సంతోషింప నక్కరలేదు. నలువది యేండ్లు నాగలి పట్టి ఇల్లు నిలిపిన తాత కాలుచేతులు ఆడక మంచమున పడినప్పుడు, ఆ యింట మాట తీరు ఎట్లు మారునో మనమెరుగనిది కాదు. పెండ్లి మాటలలో ఆయన నడుగరు. పొలము అమ్మునప్పుడు వేలిముద్రకు మాత్రము వెదకుదురు. మందుల ఖర్చు లెక్కించునప్పుడు ఆయన వినునట్లే లెక్కింతురు. నోటితో అనకున్నను, బలముతోపాటు విలువయు పోయినదని మనసులో తీర్మానించుకొన్నట్లే కదా!

ఈ చిక్కును పాశ్చాత్యులును గుర్తించిరి. 1776లో ఆడమ్ స్మిత్ తన అర్థశాస్త్ర గ్రంథములో విలువ రెండు విధములని చెప్పెను: ఉపయోగమువలన కలుగునది ఒకటి, మారకమువలన కలుగునది మరియొకటి. నీటికంటె ఉపయోగకరమైనది లేదు, కాని దానికి మారుగా వచ్చునది స్వల్పము. వజ్రము ఉపయోగము కొంచెము, మారకమున వచ్చునది అధికము. 1860లో జాన్ రస్కిన్ ‘వలేరే’ అను మూలమునే చూపి, జీవమునకు బలము నిచ్చునదే విలువ గల వస్తువని వాదించెను. 1904లో దక్షిణాఫ్రికాలో ఆ రచనను చదివిన గాంధీజీ తన జీవిత విధానమునే మార్చుకొనిరి. 1908లో ‘సర్వోదయ’ అను పేర దాని సారమును గుజరాతీలో వ్రాసిరి.

వస్తువుల విషయమున ఈ సమాధానము చాలును. మనుష్యుని విషయమున చాలదు. ఏలనన, ఎవరికిని బలము నీయలేని దశ ప్రతివానికిని రాగలదు. దీనికి జర్మను తత్త్వవేత్త కాంట్ 1785లోనే సమాధానము చెప్పియుండెను. వెల గల దానికి బదులు మరియొకటి తేవచ్చును. మనుష్యునకు గలది వెల కాదు, గౌరవము. దానికి సమానముగా నిలుపదగినది లేదు అని ఆయన భావము. కూలివాని పనికి వెల కట్టుట తప్పు కాదు, కట్టకపోవుటయే తప్పు. కాని పనికి కట్టిన వెలను మనిషికి కట్టరాదు.

మన మాటలును ఈ రెండు త్రోవలను ఎరిగియున్నవి. ‘విలుచు’ అనగా కొనుట. వెల, విలువ అనునవి దాని బంధువులు, అంగడిలో పుట్టినవి. సంస్కృతమున ‘అర్ఘము’ అను పదమునకు అమరకోశము వెల అనియు, పూజావిధి అనియు రెండర్థములను చెప్పుచున్నది. ఇంటికి వచ్చిన పూజ్యునకు అర్ఘ్యమిచ్చుట ఆయనకు వెల కట్టుటకు కాదు, శిరసు వంచుటకు.

చివరకు ఆ లాటిన్ క్రియ యొద్దకే మరలుదము. ప్రాచీన రోమనులు వీడ్కోలు పలుకునప్పుడును, జాబు ముగించునప్పుడును ‘వలే’ అనుచుండిరి. అనగా క్షేమముగా నుండుమని అర్థము. ఒకే ధాతువు ఎదుటివాని బలమును కొలుచుటకును వచ్చినది, వానికి బలము కోరుటకును వచ్చినది. మంచమున పడిన పెద్దలయొద్దకు పోవునప్పుడు మనము ఈ రెండింటిలో దేనితో పోవుచున్నామో ఎవరికి వారే విచారించుకొందుము గాక! పిల్లలకు విలువలు నేర్పుటకు వేరుగా పాఠమక్కరలేదు. ఆ మంచము ప్రక్కన మనము కూర్చుండు తీరును వారు చూచుచునే యుందురు.