పాత యంత్రమునకు క్రొత్త ఊపిరి

పూర్వులు చేసి యిచ్చిన వస్తువును మార్చుటకు మనకు ఎంతవరకు అధికారము కలదు? జీర్ణమైన దేవాలయమును పునరుద్ధరించునపుడు ఈ ప్రశ్న పుట్టును. అన్నదమ్ములు వేరుపడి తాతగారి మండువా లోగిలికి నడుమ గోడ పెట్టునపుడును పుట్టును. భాషావిషయమునను, ఆచారవిషయమునను నిత్యము పుట్టుచునే యున్నది. అయితే మనకు దగ్గరివైన సంగతులను చర్చించునపుడు మమకారము వివేకమునకు అడ్డువచ్చుట కద్దు. కావున మనకు చుట్టరికమేమియు లేని ఒక ఇనుప వస్తువును ముందుంచుకొని యీ ప్రశ్నను పరిశీలింప దలచితిమి. ఆ వస్తువు అమెరికాలోని ఫోర్డు సంస్థవారు 1960వ సంవత్సరపు నమూనాగా వెలువరించిన ఫాల్కన్ కారు ఇంజను.

ఈ ఇంజనులో ఆరు సిలిండరులు ఒకే వరుసలో నిలిచియుండును. తొలుత దాని పరిమాణము 144 ఘనపు అంగుళములు, శక్తి 90 అశ్వశక్తులు. తరువాత 170, 200, 250 ఘనపు అంగుళముల పరిమాణములలో ఆ వంశము విస్తరించినది. 1964లో ముస్టాంగు కారు బయలుదేరినపుడు అందులోని చౌక రకమునకు అమర్చినది ఈ వంశపు ఇంజనునే. సిలిండరులపై మూతవలె కూర్చుండు భాగమును హెడ్డు అందురు. గాలిని పెట్రోలుతో కలిపి తుంపరగా పంపునది కార్బురేటరు. ఆ మిశ్రమమును సిలిండరులకు చేర్చు గొట్టమును సాధారణముగా వేరుగా పోతపోసి హెడ్డుకు బోల్టులతో బిగింతురు. ఫాల్కన్ ఇంజనును నిర్మించినవారు మాత్రము ఖర్చును, బరువును తగ్గింపగోరి ఆ గొట్టమును హెడ్డుతో ఏకముగా పోతపోసిరి. హెడ్డు ప్రక్కన దుంగవలె పొడవుగా కనబడు ఆ గొట్టమునకు నడుమ ఒక్కటే రంధ్రము. దానిపై ఒక్కటే కార్బురేటరు.

ఇందలి లోపము విందుపంక్తిని చూచిన వారెవరికైనను బోధపడును. వడ్డించువాడు పంక్తి నడుమ నిలిచి కదలకుండ వడ్డించినచో, దగ్గరివారి విస్తళ్లు నిండును; రెండు కొసలవారు చేయి చాచి కూర్చుందురు. మిశ్రమము కొసలనున్న మొదటి, ఆరవ సిలిండరులకు చాలదూరము పోవలెను. దారిలో పెట్రోలు తుంపర గొట్టపు గోడలకంటి ద్రవమగును. కావున ఆరింటికిని సమానమైన ఆహారము అందదు. దీనికి అభిమానులు కనుగొనిన ఉపాయము, దుంగ రెండు కొసల దగ్గర మరి రెండు రంధ్రములు తొలిచి, మొత్తము మూడు కార్బురేటరులను అమర్చుట. అప్పుడు ఒక్కొక్క కార్బురేటరు తనకు సమీపమున నున్న రెండు సిలిండరులను ప్రధానముగా పోషించును.

మూడు కార్బురేటరులను పెట్టుట స్వతస్సిద్ధముగా అపచారము కాదు. 1953లో షెవ్రొలే వారు కార్వెట్ కారులోని 235 ఘనపు అంగుళముల ఆరు సిలిండరుల ఇంజనుకు మూడు కార్బురేటరులను తామే అమర్చి 150 అశ్వశక్తులను రాబట్టిరి. 1961లో జాగ్వారు వారి ఈ-టైపు కారు మూడింటితోనే వెలువడినది. కాని అవి నిర్మాతలే యోచించి చేసిన ఏర్పాట్లు. ఫాల్కన్ హెడ్డులో నిర్మాత అట్టి అవకాశమును విడువలేదు. అందుచేత ఇనుమును కోయక తప్పదు. లోహపు రజను సిలిండరులలో పడకుండుటకు హెడ్డును ఊడదీయవలెను. దుంగ పైభాగమును చదునుచేసి తొలువవలెను. కార్బురేటరు కూర్చుండుటకు తగిన పీఠములను బిగింపవలెను, లేదా అతుకవలెను. పోత ఇనుము పెళుసైనది. వేడి సమముగా తగులనిచో అతుకువేయునపుడే బీటలువారును. తొలిచిన ఇనుము మరల పూడి యథాస్థితికి రాదు. ధర్మప్రశ్నకు మూలమిచ్చటనే కలదు.

ఈ విషయమున లోకము రెండు పక్షములుగా చీలియున్నది. నిర్మాత చేసిన రూపమే ప్రమాణమనియు, ఒక్కొక్క కోతతో అసలు రూపముననున్న హెడ్డులలో ఒకటి తరిగిపోవుననియు ఒక పక్షము వాదించును. యంత్రము నడచుటకు పుట్టినది, గుడ్డ కప్పి కొట్టములో నుంచినచో అదియు ఒక మరణమే యని రెండవ పక్షము పలుకును. రెంటిలోను సత్యము కలదు.

పూర్వము మిళిందుడను యవనరాజును భిక్షువైన నాగసేనుడు రథమును గూర్చి ప్రశ్నించెను. చక్రములు రథమా, ఇరుసు రథమా, నొగ రథమా యని అడుగగా, ఏదియు కాదని రాజు ఒప్పుకొనెను. భాగములన్నియు కలసినపుడు మనము పెట్టుకొను పేరే రథమని తేలినది. ఆ న్యాయమున కార్బురేటరులు మూడైనంత మాత్రమున ఫాల్కన్ ఇంజను మరొకటి కాదు. కాని నాగసేనుని విచారము వస్తువు పేరును గూర్చినది. మన విచారము దానిని చేతబట్టినవాని బాధ్యతను గూర్చినది. దీనికి పూరీక్షేత్రము దగ్గరి దృష్టాంతము. నవకళేబర సమయమున జగన్నాథుని దారువిగ్రహములను మార్చి క్రొత్తవి ప్రతిష్ఠింతురు. 1996లోను, 2015లోను అట్లు జరిగినది. దేహమంతయు మారినను దేవుడు మారెనని ఏ భక్తుడును తలపడు. ఏలయన, అచ్చట మార్పు విధిననుసరించి జరుగును. లోపలి బ్రహ్మపదార్థము చేతినుండి చేతికి అందును. పాత విగ్రహములకు గౌరవముతో సమాధి కలుగును.

కోతకు పూనుకొనువానికి మూడు విధులు కలవని మా యభిప్రాయము. మొదటిది, ఉన్నది అట్లేల ఉన్నదో తెలిసికొనుట. ఫాల్కన్ కారును పట్టుబట్టి రూపొందింపజేసిన రాబర్టు మెక్నమారా కోరినది మితవ్యయము. కుటుంబమునకు చౌకగా నడచు బండి. ఒక్క కార్బురేటరు అజ్ఞానముచే గాక ఆ సంకల్పముచే వచ్చినది. అంతియే కాదు. ఆ తొలి ఇంజనులలో వేగము, భారము మారిన కొలది స్పార్కును ముందునకు జరుపు డిస్ట్రిబ్యూటరు, కార్బురేటరు నుండి అందు వాక్యూము సూచననే పూర్తిగా నమ్ముకొని పనిచేయును. కార్బురేటరును మార్చి దీనిని మరచినవాని ఇంజను తప్పు క్షణమున మండి, శక్తి పెరుగుటకు మారు తరుగును. పైకి కనబడని ఆధారములను ఎరుగనివాడు కత్తి పట్టరాదు.

రెండవది, తరువాతి వానికి వెనుకకు మరలు దారి విడుచుట. ఈ వంశపు హెడ్డులు అనేకము పోతపోయబడినవి. కావున బండితో వచ్చిన హెడ్డును నూనె పూసి గుడ్డలో చుట్టి దాచి, మరొకదానిని సంపాదించి దానిని కోయుట వివేకము. మనుమడు కోరినచో నాలుగు గ్యాస్కెట్లతో, రెండు దినముల శ్రమతో పాతదానిని మరల ఎక్కించుకొనగలడు.

మూడవది, మార్చినదానిని సాకుట. మూడు కార్బురేటరులు ఒక్క పెడలుకు లోబడి ఒక్కటిగా శ్వాసింపవలెను. మెకానికు రబ్బరు గొట్టపు ఒక కొనను చెవికి, రెండవ కొనను కార్బురేటరు నోటికి చేర్చి, గాలి బుసను వినుచు మూడింటిని సమపరచును. ఒకసారి చేసి మరచిపోవు పని కాదది.

ఇక మన యింటికి వత్తము. తరతరములుగా కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ సీమలలో నిలిచిన మన కుటుంబముల తెలుగులో ఆయా భాషల పలుకుబడులు చేరినవి. మన తెలుగు చెడినదని కోస్తా చుట్టములు పరిహసించుట కలదు. ఈ నింద అంతగా బాధింపదగినది కాదని మా తలంపు. ఇరుగుపొరుగు మాట ఇంటిమాటలో చేరుట, పైన బిగించిన అదనపు కార్బురేటరు వంటిది; భాషకు ఊపిరి పెంచును, వలదన్ననాడు ఊడదీయవచ్చును. భయపడవలసిన కోత వేరొకటి కలదు. ఇంట తెలుగు మాటలాడుచునే అక్షరములను పిల్లలకు నేర్పక విడిచిన తరము, రంధ్రము తొలిచిన ఇనుము వంటిది. తాతగారు తెలుగున వ్రాసిన ఉత్తరము పెట్టెలో నుండును. దానిని చదువగల కన్ను ఇంట నుండదు. ఆ లోటు పూడవలెనన్న రెండు దినముల శ్రమ చాలదు.

కావున మార్చుటకు వెరవవలదు. మన పిల్లలు ఏ నేలపై నిలిచిరో ఆ నేల భాషలో దిట్టలు కావలెను. ఆ చదువులు, ఆ కొలువులు వారివే. కాని వారానికొక దినము, గంటసేపు, పలక ముందు పెట్టి అ ఆ లు దిద్దించుట మనవంతు. గుడ్డలో చుట్టి దాచిన పాత హెడ్డు అదియే. వారు దానిని ఎక్కించుకొందురో లేదో వారి యిష్టము. ఎక్కించుకొనగోరిన నాడు అది వారికి దొరకునట్లు చేయుట మాత్రము మన విధి.