తిరుగని పెట్టె, తిరుగు నాదము

వేసవిలో నూజివీడు తోటలవైపు పోయి బంగినపల్లి పండ్లు బేరమాడు వారిని మీరు చూచియే యుందురు. వారు మొదట పండును ముక్కునొద్దకు తెచ్చుకొందురు. కన్ను చెప్పు సాక్ష్యము వారికి చాలదు. బంగారువలె మెరయు పండును కొనిపోయి ఇంట కోయగా లోపల తెల్లగను చప్పగను ఉండుట వారెరుగుదురు. కాబట్టి తొడిమ దగ్గర వాసన చూచి, బొటనవ్రేలితో మెల్లగా ఒత్తి, "రంగు వచ్చినదా, పండినదా?" అని అడుగుదురు. ఈ రెండు మాటల నడుమనున్న దూరమును గూర్చియే మీతో మాటలాడగోరుచున్నాను. అయితే మామిడిపండును గూర్చి కాదు, ఒక నాదమును గూర్చి.

నేడు మన పల్లె ఆరాధనలలో సయితము హార్మోనియము ప్రక్కకు కీబోర్డును గిటారును వచ్చి చేరినవి. గిటారు వాయించు యౌవనస్థుని పాదముల దగ్గర కొన్నిచోట్ల ఒక చిన్న ఇనుప పెట్టె యుండును. దానిని పెడల్ అందురు. పాదముతో ఒక్కమారు నొక్కగానే, అంతవరకు తిన్నగా మ్రోగుచున్న తీగ నీటి మీద తేలుచున్నట్లు ఊగనారంభించును. గదిలో ఏదియో గిరగిర తిరుగుచున్నట్లు చెవికి తోచును. తిరుగునది ఏమియు లేదు. ఒకప్పుడు పెద్ద చెక్కపెట్టెలో నిజముగా తిరిగిన బాకాల నాదమును ఈ చిన్న పెట్టె అనుకరించుచున్నది, అంతే. దీనిని గూర్చి తెలిసికొనిన పెద్దలు కొందరు, "లేని దానిని ఉన్నట్లు వినిపించుట అబద్ధము గాదా? అట్టి దానిని ప్రార్థనామందిరములోనికి తేవచ్చునా?" అని అడుగుదురు. నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదది.

మొదట తిరుగుట వలన నాదమున కేమగునో చూతము. విజయవాడ ఏలూరుల నడుమ రైలు కట్ట ప్రక్కన నిలిచి వినుడి. మనవైపు వచ్చు బండి కూత హెచ్చు శ్రుతిలో వినబడి, మనలను దాటిన క్షణముననే దిగిపోవును. కూత మారలేదు, అది దగ్గరకు వచ్చుటయు దూరమగుటయు మారినవి. ఈ సూత్రమును 1842లో ఆస్ట్రియా దేశస్థుడైన క్రిస్టియన్ డాప్లర్ ప్రకటించెను. ఇప్పుడు ఆ బండిని ఒక పెట్టెలో పెట్టి గుండ్రముగా త్రిప్పినట్లు ఊహించుకొనుడి. నాదము మనవైపు తిరిగినప్పుడెల్ల ఇంచుక హెచ్చును, అటు తిరిగినప్పుడెల్ల తగ్గును. గోడలను తాకి మరల వచ్చిన ధ్వని దానితో కలియును. అమెరికాలో డొనాల్డ్ లెస్లీ అను నతడు ఈ ఉపాయముతో చేసిన స్పీకరు పెట్టె 1941లో అమ్మకమునకు వచ్చెను. దాని పైభాగమున రెండు నోళ్ల బాకా తిరుగును. ఆ రెండు నోళ్లలో పలుకునది ఒకటే. రెండవది మూగది, తూకము కొరకు మాత్రమే పెట్టబడినది. (సంఘములలోను సభలలోను ఇట్టి రెండవ బాకాలు లేకపోలేదు. వారు లేనియెడల మొదటి బాకా తిన్నగా తిరుగజాలదు.) క్రింద మంద్రస్వరముల కొరకు నేలవైపు మొగము పెట్టిన స్పీకరును, దాని క్రింద తిరుగు పీపాయు ఉండును. తరువాతి పెట్టెలలో రెండు వేగములు ఏర్పడినవి. వేగమైనది నిమిషమునకు సుమారు 400 చుట్లు. మెల్లనిది 40, 50 చుట్లు; దీనికి సంఘగానమునకు సంబంధించిన కోరేల్ అను పేరే పెట్టిరి.

లెస్లీ ఇంత శ్రమ ఎందుకు పడెను? గొట్టపు ఆర్గను కొనలేని మందిరముల కొరకును గృహముల కొరకును లారెన్స్ హేమండ్ 1935లో విద్యుత్తు ఆర్గనును అమ్మనారంభించెను. ఈయన గడియారములు చేయు వర్తకుడు. ఆర్గను వాయించుట తానెరుగడు. పెద్ద హాలులో గంభీరముగా పలికిన ఆ వాద్యము చిన్న గదిలో లెస్లీ చెవికి జీవము లేనిదిగా తోచెను. గొట్టపు ఆర్గనులో ధ్వని ఒక్కొక్క గొట్టము నుండి, ఒక్కొక్క దిక్కు నుండి వచ్చును. ఇక్కడ ఒకే చోటు నుండి వచ్చుచున్నది. ఆ చలనమును తెచ్చుటకే అతడు బాకాను త్రిప్పెను. హేమండ్‌కు ఆ పెట్టె నచ్చనేలేదు.

హేమండ్ సంస్థ విషయములోనే మన ప్రశ్న ఒకమారు అధికారుల యెదుట విచారణకు వచ్చెను. తమ వాద్యము గొట్టపు ఆర్గనుకు సమానమని ఆ సంస్థ ప్రకటించుకొనుచుండగా, అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1936లో అభ్యంతరము తెలిపెను. 1937లో షికాగో విశ్వవిద్యాలయపు మందిరములో పరీక్ష జరిగెను. ఏది మ్రోగుచున్నదో కనబడకుండ రెండు వాద్యములను వినిపించి, ఏది ఏదో చెప్పుడని వినువారిని అడిగిరి. వారు ఇంచుమించు మూడింట ఒక వంతు తప్పు చెప్పిరి. కన్నులు మూసికొని ఊహించినను సగము తప్పును గదా! చెవి కొంత మోసపోయెను, కొంత నిలిచెను. 1938లో కమిషన్ ఇచ్చిన ఉత్తరువు నాకు మిక్కిలి వివేకముగా తోచుచున్నది. గొట్టపు ఆర్గనుతో సమానమని చాటుకొనవలదనిరి గాని వాద్యమును పగులగొట్టుడనలేదు. ఆర్గనను పేరును సయితము దానికి ఉండనిచ్చిరి. అనుకరణను తప్పు పట్టలేదు, దానిని గూర్చి పలికిన మాటను తప్పు పట్టిరి.

అసలు అనుకరణమునే పాపమని తోసివేయుదుమా, మనకు మిగులునది యేమి? గొట్టపు ఆర్గను కూడ పిల్లనగ్రోవిని, బాకాను అనుకరించును. మనుష్య స్వరమని అర్థమిచ్చు వోక్స్ హ్యుమానా అను గొట్టముల వరుస అందులో పూర్వము నుండి కలదు. దానిని హేమండ్ ఆర్గను అనుకరించెను, దానికి లెస్లీ చలనము కూర్చెను, ఆ చలనమును మన యౌవనస్థుని పెడల్ అనుకరించుచున్నది. నకలు వెంట నకలు. నూజివీడు మామిడికే గాక వీణలకును పేరుపొందిన ఊరు. వీణ మీద 24 మెట్ల నడుమ తీగను ప్రక్కకు లాగి వైణికుడు పలికించు గమకము దేనిని అనుసరించుచున్నది? మనుష్య కంఠమునే గదా. కాకినాడలో 1936లో పుట్టిన చిట్టిబాబు వీణ మీద కోయిలను కూయించెను. విని మామిడికొమ్మలలో కోయిలను వెదకినవాడు లేడు. చిట్టిబాబు మోసగించెనని అలిగినవాడును లేడు. ఇక హార్మోనియమే మన సనాతన వాద్యమను పెద్దలకు ఒక మాట. అది ఐరోపా నుండి వచ్చినది. గమకము పలుకలేదను కారణమున 1940 నుండి 1971 వరకు ఆలిండియా రేడియో దానిని దూరముగా నుంచెను.

మరి మోసము ఎక్కడ మొదలగును? ఇస్సాకు వృద్ధుడై చూపు మందగించినప్పుడు యాకోబు మేకపిల్లల చర్మములు చేతులకు కట్టుకొని అన్నవలె వచ్చిన సంగతి మీరెరిగినదే. ముసలి తండ్రి చెవి ఒక సాక్ష్యము చెప్పెను, చేయి వేరొక సాక్ష్యము చెప్పెను. ఆయన చేతిని నమ్మెను. అబద్ధము ఆ చర్మములో నున్నదా? చర్మము ఏమియు చెప్పలేదు. నోరు చెప్పెను. అంతేగాక, ఆ మాటను నమ్మి ఒకడు మరల తీసికొనలేని దానిని ఇచ్చివేసెను. చిట్టిబాబు కోయిలను నమ్మి ఎవడును ఏమియు పోగొట్టుకొనలేదు. అనుకరణ యెదుట ఈ రెండింటిని అడుగుడి: దానిని గూర్చి ఏమని చెప్పుచున్నారు? దానిని నమ్మినవాడు ఏమి ఇచ్చుచున్నాడు? మన గిటారు పెడల్ ఈ రెండు ప్రశ్నలకును నిర్దోషియని నా అభిప్రాయము. పాడు సంఘము అచ్చట ఒక బాకా నిజముగా తిరుగుచున్నదని నమ్మి దేనిని ఇచ్చుట లేదు.

అయినను నన్ను కలవరపెట్టు సంగతి ఒకటి ఆ పెడల్‌లోనే యున్నది. జపాను దేశపు ఫుమియో మియెదా 1960వ దశాబ్దములో చేసిన యూని-వైబ్ అను పెట్టెలో ఒక చిన్న దీపము, దాని చుట్టు వెలుగును గ్రహించు నాలుగు కన్నులు ఉండెను. దీపము వెలిగి మలుగుచుండగా నాదము ఊగుచుండెను. 1969లో వుడ్‌స్టాక్ సభలో జిమి హెండ్రిక్స్ వాయించినది దానితోనే. అది తిరుగు స్పీకరును కొంత పోలెను, ఎక్కువగా తన స్వంత నాదముతోనే నిలిచెను. కాని ఇప్పటి పెట్టెలు లెక్కలు కట్టి పనిచేయును. నిజమైన లెస్లీ పెట్టెలో వేగము మార్చినప్పుడు తేలికయైన బాకా త్వరగా వేగమందుకొనును, బరువైన పీపా వెనుకబడి మెల్లమెల్లగా అందుకొనును. ఆ పీపాకు బరువున్నది గనుక ఆలస్యమాయెను. ఈ చిన్న పెట్టెలో బరువే లేదు, తలచిన క్షణముననే వేగము మార్చగలదు. అట్లు మార్చినచో మన చెవి ఒప్పుకొనదు. కాబట్టి లేని బరువు యొక్క ఆలస్యమును సయితము లెక్కగట్టి అందులో చేర్చిరి.

చదువరీ, దీనిని వాద్యము నుండి మనుష్యుని మీదికి త్రిప్పి చూడుడి. మరణించినవాని ఇంట ప్రార్థించువాని గొంతు వణకును. దుఃఖమునకు బరువున్నది గనుక మాట ఆగి ఆగి వచ్చును. ఆ వణకును, ఆ ఆలస్యమును వేరొకడు చక్కగా నేర్చుకొనవచ్చును. ఎచ్చట ఆగవలెనో, ఎచ్చట గొంతు దించవలెనో అభ్యసించవచ్చును. వినువారు కన్నీరు విడుతురు. కొందరు తమ రహస్యములను, తమ నమ్మికను, ఒక్కొక్కమారు తమ సొమ్మును అతని చేతిలో పెట్టుదురు. ఇచ్చట ఇస్సాకు మరల వంచింపబడుచున్నాడు. పెడల్‌ను మందిరమునకు తేవచ్చునా యని అడిగిన పెద్దలు ఈ గొంతును గూర్చియు అడిగిన బాగుండును. దీనికి తీగ లేదు, పెట్టె లేదు, గనుక ఎవరును చూచుట లేదు.

అట్లని వణకు ప్రతి గొంతును అనుమానింపకుడి. తల్లి మాటలు తల్లి స్వరములో చెప్పుచునే బిడ్డ ప్రార్థన నేర్చుకొనును. అర్థము తరువాత వచ్చును. ఒక యౌవనస్థుడు తన సంఘపెద్ద గొంతుతోనే ప్రార్థించుచు, "ఇది నాది కాదే, నేను వేషధారినా?" అని లోలోపల కుమిలిపోవుచుండవచ్చును. అతనికి నూజివీడు తోటలలోనే జవాబున్నది. రైతు కాయను చెట్టు మీద పండువరకు విడువడు. తొడిమ దగ్గర భుజములు నిండి ముదిరిన కాయను కోసి వరిగడ్డిలో మాగవేయును. నేడు గదులలో ఎథిలీన్ వాయువు పెట్టుట కలదు. 10 లక్షల భాగములలో 100 భాగములకు మించకుండ దానికి అనుమతియున్నది. అది కాయ తనంతట తాను పండునప్పుడు తనలో పుట్టించుకొను వాయువే. ఇది మోసము కాదు, సహాయము. లేతకాయను కోసి కార్బైడు ప్రక్కన పెట్టుట వేరు. ఆ ముద్ద తేమ తగిలి వేరొక వాయువును విడుచును. చర్మము పసుపెక్కును, లోపల కాయ కాయగానే యుండును. ఆహారభద్రతా నిబంధనలు దానిని నిషేధించినవి. రంగు రెండింటికిని వచ్చును. లోపల ముదిరినది ఉన్నదా యనునదే భేదము. కుమిలిపోవు ఆ యౌవనస్థుడు వరిగడ్డిలోనున్న కాయ. తనది కాదను బాధయే అతడు ముదురుచున్నాడనుటకు గుర్తు. కార్బైడు కాయ కుమిలిపోదు.

అట్టి పెడల్‌లలో కొన్నింటికి మెల్లన, వేగము అను రెండే గాక బ్రేకు అను మూడవ మీట కూడ ఉండును. దానిని నొక్కగా తిరుగుట క్రమముగా ఆగిపోయి నాదము ఉన్నచోటనే నిలుచును. మీ మందిరములో గిటారు వాయించు కుమారునితో మీకు చనువున్నయెడల, ఒక ఆదివారము కీర్తనలో ఒక చరణమును ఆ మీట నొక్కి వాయించుమని అడుగుడి. గద్దింపుగా కాదు, వినగోరి అడుగుడి. అతడు వెంటనే నొక్కునో, సంకోచించునో గమనింపుడి. ఆ చరణములో మీ స్వంత గొంతు ఎట్లు పలికినదో కూడ వినుడి.