క్లౌడ్ డిస్కుకు మూడు హద్దులు

అనంతమంటే చాలా పెద్దదా, అసలు హద్దే లేనిదా అన్నది వేదాంతంలో పాత ప్రశ్న. తైత్తిరీయోపనిషత్తు బ్రహ్మాన్ని అనంతమంది. దేశం, కాలం, వస్తువు అనే మూడింటి చేతా పరిచ్ఛేదం, అంటే హద్దు, లేకపోవడమే అనంతత్వమని శంకరాచార్యులు భాష్యంలో వివరించారు. ఆకాశానికి చోటు హద్దు లేదు గాని, అది పుట్టినదే కనుక తక్కిన రెండూ తప్పవు.

ఆ అనంతమే పేరుగా, వికారాబాద్ దగ్గర, మూసీ పుట్టే అనంతగిరి కొండల్లో అనంతపద్మనాభస్వామి గుడి ఉంది. స్వామి సాలగ్రామ రూపంలో మార్కండేయ మహర్షి కోసం వెలిశాడని స్థలపురాణం. భాద్రపద శుద్ధ చతుర్దశి నాటి అనంత వ్రతంలో 14 ముడుల తోరం కట్టుకుంటారు. ఆ తోరం అనంతుడికి కొలత కాదని కట్టుకునేవారికి తెలుసు. క్లౌడ్ వాడేవారే కొలతకూ అనంతానికీ ఉన్న ఈ తేడాను తరచు మరచిపోతారు.

అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు 2022 నవంబరులో హైదరాబాద్‌లో మొదలయ్యాయి. తాండూరు నాపరాళ్ల వ్యాపారి తన లెక్కల సర్వర్‌ను అక్కడే నడుపుకోవచ్చు. మొదటిది దేశం, అంటే చోటు హద్దు. అడిగినంత చోటు దొరుకుతుందనే అనిపిస్తుంది. అయితే డిస్కును భాగాలుగా విభజించే పాత ఎంబీఆర్ పద్ధతి అందులోని చిన్న గడులను, అంటే సెక్టార్లను, 32 బిట్ల సంఖ్యలతో లెక్కిస్తుంది. సెక్టారు 512 బైట్లయితే, 2 టీబీ దగ్గర సంఖ్యలే అయిపోతాయి. 3 టీబీ డిస్కు పెట్టినా మిగతా చోటు అందదు. ఇక్కడ కొరత డిస్కులో లేదు, లెక్కలో ఉంది. వేదాంతి దీన్ని ఉపాధి, అంటే హద్దు లేనిదాన్ని హద్దున్నట్టు చూపే తొడుగు, అనేవాడు. 64 బిట్ల జీపీటీ విభజన పద్ధతికి మారితే ఆ అడ్డు పోతుంది, ఇంకొకటి ఎదురవుతుంది: మైక్రోసాఫ్ట్ అజూర్‌లో ఓఎస్ డిస్కు 4,095 జీబీ దాటదు.

కాలం హద్దు ఇంకా కఠినం. ఆపరేటింగ్ సిస్టమ్ నకలు, అంటే ఇమేజ్, 30 జీబీ ఉంటే 20 జీబీ డిస్కుతో వర్చువల్ మెషీన్‌ను సృష్టించడం కుదరదు. సృష్టించాక డిస్కును పెంచవచ్చు గాని, అమెజాన్, అజూర్, గూగుల్ మూడింటిలోనూ తగ్గించే వీలు లేదు. ఫైల్ సిస్టమ్ ఏ బ్లాకులో ఏమి రాసిందో క్లౌడ్ సంస్థ చూడదు. చివర కోస్తే ఏ ఫైలు తెగిపోతుందో దానికి తెలియదు. తాండూరు బండను కోసి చిన్నది చేయవచ్చు, పెంచలేరు. డిస్కు తీరు దీనికి తలకిందులు. తగ్గించాలంటే కొత్తగా చిన్న డిస్కు సృష్టించి, ఫైళ్లను అందులోకి మార్చుకుని, పాతదాన్ని తొలగించాలి. పుట్టుకనాటి నిర్ణయం బతుకంతా వెంటాడటమంటే ఇదే. కనుక మొదట చిన్నదిగా పెట్టి, అవసరాన్ని బట్టి పెంచుకోవడమే తెలివైన పని.

వస్తువు హద్దు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. క్లౌడ్ డిస్కు ఎక్కడో ఒక గదిలోని యంత్రాల మీద, వేరొకరి చోటు పక్కన ఉండే చోటే. మూడు హద్దుల్లో ఒక్కటీ తొలగలేదు కనుక క్లౌడ్‌ను పెద్దది అనవచ్చు, అనంతం అనకూడదు.